మొగిలయ్య వాంగ్మూలం

ముప్పై మూడేళ్ళు నేను పిల్లలకు ఒకే ఒక్క బొమ్మ గీసి చూపించి జీతం తీసుకున్నాను. బోర్డు మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. అడ్డగీత కింద దేశం ఏటా తగలబెట్టే బొగ్గూ చమురూ, నిలువుగీత పక్కన దేశం సంపాదన. రెంటి మధ్యా ఏటవాలుగా పైకి ఎగబాకే మూడో గీత. "చూశారుగా! మంట పెరిగితే దేశం పెరుగుతుంది. రాసుకోండి" అనేవాణ్ణి. రాసుకునేవాళ్ళు, పాసయ్యేవాళ్ళు. ఎదురు ప్రశ్న వేసిన పాపాన ఒక్కడూ పోలేదు. వేసినా నేను ఊరుకునే రకం కాదులెండి.

నా పేరు నరసింహమూర్తి. మాది అమలాపురం దగ్గర. ఎకనామిక్స్ లెక్చరర్ ఉద్యోగం ఉప్పల్‌లో రావడంతో వచ్చి, నాచారంలో ఇల్లు కట్టుకున్నాను. "హైదరాబాదంతా ఖాళీగా ఉంటే వెతికి వెతికి పొగగొట్టాల పక్కన స్థలం కొన్న మహానుభావుడు" అని మా ఆవిడ ఛాయాదేవి ఇంటికి వచ్చినవాళ్ళందరికీ నన్ను పరిచయం చేస్తుంది. నిజమే. మా డాబా ఎక్కితే పారిశ్రామికవాడ గొట్టాలన్నీ కనిపిస్తాయి. ఏటా ఒక ఆదివారం ఇంటర్ పిల్లల్ని డాబా మీదికి తీసుకొచ్చి, పొగ వస్తున్న గొట్టాలెన్నో లెక్కపెట్టించేవాణ్ణి. దేశం బాగున్న సంవత్సరం పదిహేడు గొట్టాలు, మాంద్యం వచ్చిన సంవత్సరం తొమ్మిది. పుస్తకంలో అంకెల కంటే ఇది నమ్మకమని నా గొప్ప.

మొగిలయ్యతో నా మొదటి గొడవ ఆ డాబా మీదే జరిగింది. అతను మా ఇంటి వెనక రెండు గదుల్లో పంతొమ్మిదేళ్ళు అద్దెకున్నాడు. జనగామ పక్కన పల్లె. దుప్పట్లకూ తువ్వాళ్ళకూ రంగులద్దే ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్. బొగ్గు వేసి, నీళ్ళు కాచి, ఆ ఆవిరిని రంగుల తొట్లకు పంపే పని. ఆ రోజు ఆరేసిన బట్టలు తీయడానికి పైకి వచ్చాడు.

"ఏం లెక్కవెడుతున్నరు సార్?"

"పొగ" అన్నాను గంభీరంగా.

మొగిలయ్య నవ్వాడు. "పొగంటే కాలని బొగ్గు సార్. దండగ. గాలి సరిగ ఇడువకుంటె నల్లగొస్తది. మంచిగ మండిచ్చెటోని గొట్టం మీద పొగే కనవడొద్దు. సూడున్రి, అగో అది మాది. కనవడుతున్నదా?"

కనబడలేదు. అప్పటిదాకా ఆ గొట్టాన్ని నేను మూతబడిన ఫ్యాక్టరీల పద్దులో వేస్తున్నాను. పిల్లలు కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "సరేలేవయ్యా, నీ బట్టలు నువ్వు తీసుకుపో" అని కసిరాను. అతను ఏమీ అనుకోలేదు. సాయంత్రం అతని భార్య సత్తమ్మ మాకో గిన్నెలో సర్వపిండి పంపించింది. ఛాయాదేవి దాన్ని తిని, "మీకంటే ఆయనకే ఎకనామిక్స్ బాగా తెలుసు" అంది.

కరోనా వచ్చిన ఏడాది ఒక్క గొట్టంలోంచీ పొగ లేదు. ఆకాశం ఎంత నీలంగా ఉందో అని ఛాయాదేవి మురిసిపోయింది. నాకు భయమేసింది. వెనక గదుల్లో అప్పుడే కొత్తగా ఇంకో సంసారం చేరింది. మొగిలయ్య కూతురు దుర్గాభవాని, అల్లుడు దయాకర్, చంకలో పిల్ల. దయాకర్ పనిచేసే చోట షట్టర్ దించేశారు. ఎనిమిది నెలలు ఆ కుర్రాడు మా గేటు పక్క అరుగు మీద కూర్చుని రోడ్డుకేసి చూస్తూ ఉండేవాడు. మాట్లాడేవాడు కాదు. అన్నానికి పిలిస్తే "ఆకలైతలేదు" అనేవాడు. ఒకరోజు తలుపు గడియపెట్టుకుని ఎంతకీ తీయకపోతే మొగిలయ్య భుజంతో గుద్ది తలుపు విరగ్గొట్టాడు. లోపల దూలానికి చీర వేలాడుతోంది. ఇంకా ఏమీ కాలేదు. అంతే, ఆ సంగతి ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఫ్యాక్టరీ తెరిచిన వారమే మొగిలయ్య మేనేజరు కాళ్ళావేళ్ళా పడి అల్లుణ్ణి తన బాయిలర్ దగ్గరే హెల్పర్‌గా పెట్టించాడు. నెల తిరిగేసరికి దయాకర్ మనిషయ్యాడు. పిల్లను భుజాన వేసుకుని ఉప్పల్ రింగురోడ్డు దాకా నడిచి ఐస్‌క్రీం తినిపించుకొచ్చేవాడు.

తరువాత ఆర్డర్లు పెరిగాయి. రెండు షిఫ్టులు మూడయ్యాయి. బాయిలర్ మాత్రం అదే. యజమాని చవగ్గా దొరుకుతోందని గడ్డబొగ్గు మాని నుసిబొగ్గు తెప్పించాడు. మొగిలయ్య చేతిలో కూడా గొట్టం నల్లగా కక్కడం మొదలెట్టింది. "నుసికి గాలి ఎక్కదు సార్, ఏం జేసినా పొగనే. పారతోని ఎత్తుతుంటె సగం బొగ్గు నా ముక్కులకే వోతున్నది" అని ఒకసారి సిగ్గుపడుతూ చెప్పాడు. పొగ వస్తున్నందుకు సిగ్గుపడ్డాడు గానీ ముక్కులకు పోతున్నందుకు కాదు.

ఛాయాదేవి ఆరేసిన చీరల మీద మసి పడింది. కాలనీలో పిల్లలకు ఆయాసాలు. గీతిక అని, హబ్సిగూడలో పరిశోధన చేసే అమ్మాయి, మా వీధిలోనే ఉంటుంది. ఆ అమ్మాయి కాలనీ చేత ఫిర్యాదు పెట్టించింది. మొదటి సంతకం ఎవరిదనుకున్నారు? మా ఆవిడదే.

కాలుష్య నియంత్రణ అధికారులు కమ్యూనిటీ హాల్లో విచారణ పెట్టారు. బొగ్గు మాని గ్యాస్ బాయిలర్ పెట్టాలి, లేదా మూసేయాలి అని కాలనీవాళ్ళ కోరిక. గ్యాస్ నా వల్ల కాదు, బొగ్గు ఆపమంటే ఫ్యాక్టరీకే తాళం వేస్తానని యజమాని. నలభై మంది పనివాళ్ళు మధ్యలో. ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి జీవన్ అనే కుర్రాడు, హెచ్ఆర్ అట, పళ్ళబుట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "పెద్దవారు, విషయం తెలిసినవారు, మీరు నాలుగు మాటలు చెబితే బరువుంటుంది సార్" అన్నాడు. రిటైరయ్యాక నా చేతికి మైకు ఇస్తానన్నవాడు అతనొక్కడే. ఉబ్బిపోయాను. సిగ్గులేకుండా ఉన్నమాట చెబుతున్నాను, ఉబ్బిపోయాను.

"ఒక కార్మికుడు కూడా మాట్లాడితే బాగుంటుంది" అన్నాడు వెళ్తూ వెళ్తూ.

మొగిలయ్య వాంగ్మూలం నేనే రాశాను. "ఇరవై ఆరు సంవత్సరాలుగా నేను ఈ బాయిలర్ వద్ద పనిచేయుచున్నాను. ఈ పొగ వలన నాకు ఎట్టి అనారోగ్యమూ కలుగలేదు. నా ఆరోగ్యమే ఇందుకు సాక్ష్యము." నా చేతిరాత, నా గ్రాంథికం. అతను మూడు రోజులు కుళాయి దగ్గర వల్లె వేశాడు. "ఎట్టి" దగ్గర ఆగిపోతే సత్తమ్మ అందించేది. మధ్యమధ్యలో దగ్గేవాడు. నాకు వినబడలేదని ఎలా అంటాను? సభ రోజు ఉదయం నేనే వంటింట్లోకి వెళ్ళి రెండు లవంగాలు తెచ్చి, "మాట్లాడేటప్పుడు బుగ్గన పెట్టుకో, దగ్గు రాదు" అని అతని చేతిలో పెట్టాను.

సభలో నా ఉపన్యాసం దంచి పారేశాను. ఆ బొమ్మే. ఆ గీతలే. చప్పట్లు. గీతిక లేచి, "సార్, కొన్ని దేశాల్లో ఆ గీతలు ఎప్పుడో విడిపోయాయి. బొగ్గు తగ్గించుకుంటూనే సంపాదన పెంచుకున్నాయి. మీ పాఠంలో అది లేదా?" అని అడిగింది.

"ఆ దేశాలు తరాల తరబడి తగలబెట్టుకుని, కడుపునిండా తిని, చేతులు కడుక్కుని, ఇప్పుడు మనకు ఉపవాసం చెబుతున్నాయమ్మా" అన్నాను. హాలు దద్దరిల్లిపోయింది. నేనన్నది అబద్ధం కాదు. కానీ ఆ పిల్ల అడిగింది నాచారం గాలి గురించి. నేను జవాబు చెప్పింది ఎక్కడో సముద్రాల అవతలి సంగతి. గెలిచాననుకున్నాను.

తరువాత మొగిలయ్య లేచాడు. తెల్లచొక్కా, తల నున్నగా దువ్వుకుని, చేతులు కట్టుకుని, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. దగ్గు రాలేదు. అధికారి రాసుకున్నాడు, కింద మొగిలయ్య సంతకం పెట్టాడు. గొట్టం ఎత్తు పెంచమని చెప్పి బొగ్గుకు అనుమతి కొనసాగించారు. ఛాయాదేవి నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు కాఫీ గ్లాసు ఠక్కున పెట్టి, "గొట్టం పొడుగు చేస్తే మసి మాయమైపోతుందా? మన మీద కాకపోతే ఉప్పల్లో పడుతుంది. అక్కడ మాత్రం మనుషులు లేరూ?" అంది.

ఏడాదిన్నర గడిచింది. మొగిలయ్య మా డాబా మెట్లు ఎక్కడం మానేశాడు. తరువాత గేటు దాకా నడవడానికి రెండుసార్లు ఆగేవాడు. షిఫ్టుకు అల్లుడు బండి మీద తీసుకెళ్ళి, పార అతనే ఎత్తి, మామను బాయిలర్ నీటిమట్టం చూపే గేజ్ గ్లాసు ముందు స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. చివరికి సత్తమ్మ ఏడ్చి గోల చేస్తే దవాఖానకు వెళ్ళారు. ఛాతీకి ఫొటో తీసిన డాక్టరమ్మ ఊపిరితిత్తుల్లో బొగ్గుధూళి పేరుకుపోయిందంది. ఇది పని వల్ల వచ్చిన జబ్బే, మెడికల్ బోర్డు ముందుకు వెళ్ళండి, వాళ్ళు అలా రాసిస్తే బతికున్నన్నాళ్ళూ వైద్యమూ పింఛనూ వస్తాయి, ఆ తరువాత భార్యకూ వస్తుంది అని చెప్పింది.

ఫ్యాక్టరీవాళ్ళు బోర్డుకు ఒకే ఒక్క కాగితం పంపారు. విచారణలో మొగిలయ్య ఇచ్చిన వాంగ్మూలం.

ఆ కాగితం నకలు చదివినప్పుడు నా వాక్యాలు నన్నే చూసి వెక్కిరించాయి. 'నా ఆరోగ్యమే ఇందుకు సాక్ష్యము.' ఛీ! ఏం రాత అది? నేరుగా వెనక గదికి వెళ్ళాను. మొగిలయ్య గోడకు దిండ్లు పెట్టుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడదు.

"బోర్డు ముందుకు నేనూ వస్తాను మొగిలయ్యా. ఆ ముక్కలు నేను రాసిచ్చానని చెబుతాను. అప్పటికే నీకు దగ్గుందని, నేనే లవంగాలిచ్చానని చెబుతాను. నువ్వు భయపడకు. నిజం చెప్పు చాలు."

అతను "నిజం జెప్తె బాయిలర్ సంగతేంది సార్?" అని అడిగాడు.

"దాని సంగతి నీకెందుకయ్యా? ముందు నీ ప్రాణం చూసుకో!"

అతను తల ఊపాడు. ఒప్పుకున్నాడనుకున్నాను. పిల్లల తలకాయలు ఊగితే పాఠం అర్థమైందనుకునే అలవాటు నాది.

బోర్డుకు పిలిచిన రోజు ఆటోలో వెళ్ళాం, మొగిలయ్య, సత్తమ్మ, నేను. ఉప్పల్ రోడ్డు మీద ఫ్లైఓవర్ స్తంభాల మధ్య దుమ్ము కమ్ముకుంటే సత్తమ్మ కొంగుతో అతని ముక్కు మూసి పట్టుకుంది. గదిలోకి సాయంగా ఒక్కరినే రానిస్తామన్నారు. "నువు వో సారూ. నాకేం మాట్లాడరాదు, నువు మంచిగ జెప్తవ్" అని సత్తమ్మ నన్ను పంపించింది.

ముగ్గురు డాక్టర్లు. మధ్యలో ఆయన ఫైలు తిరగేసి, "ఫొటో చూస్తే ధూళి జబ్బులాగే ఉంది. కానీ రెండేళ్ళ కింద మీరే ఏ జబ్బూ లేదని సంతకం పెట్టారు. ఈ ఆయాసం ఎప్పటి నుంచి? పొగ తాగే అలవాటేమైనా ఉందా?" అని అడిగాడు.

మొగిలయ్య కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

"ఉన్నదయ్యా. బీడీలు. దినానికి రెండు కట్టలు తాగుత. ముప్పై ఏండ్ల సంది."

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. పంతొమ్మిదేళ్ళు ఒక గోడకు అటూ ఇటూ బతికాం. ఆ మనిషి పెదవుల మధ్య బీడీ నేను చూడలేదు. మా గేటు దగ్గర ఎవడైనా సిగరెట్ వెలిగిస్తే, పిల్లలున్న ఇల్లని అవతలికి తోలేవాడు.

"అబద్ధం!" అని అరిచాను. "సార్, ఈయన పుట్టి బుద్ధెరిగి బీడీ ముట్టలేదు. నేను ఇంటి ఓనర్ని. ఆ వాంగ్మూలం కూడా నేను రాసిచ్చిందే. అదీ అబద్ధమే!"

డాక్టరు కళ్ళజోడు సవరించుకుని, ఆ వాంగ్మూలం మీదున్న విచారణ వివరాలు చదివాడు. "నరసింహమూర్తి గారంటే మీరేనా? ఈ బొగ్గు మండాల్సిందేనని ఆ విచారణలో వాదించింది మీరే కదా?"

"నేనే."

"ఆ రోజు చెప్పింది అబద్ధమంటారు, ఈ రోజుది నిజమంటారు. పేషెంటేమో తనే తాగుతానంటున్నాడు. మేం ఎవరి మాట రాసుకోవాలి మాస్టారూ?"

ఆయన కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. నేను ముప్పై మూడేళ్ళు నోటితో బతికినవాణ్ణి. మీరు బయట కూర్చోండి అన్నారు.

వరండాలో సత్తమ్మ బెంచీ మీంచి లేచింది. "ఏమాయె సారూ?" చెప్పాను. ఆమె ముందు నన్ను నమ్మలేదు. నమ్మాక నెత్తి కొట్టుకుంది. "బీడీలా? ఓరి నీ నోరు వడిపోను! ఎన్నడన్న తాగితివా? కడుపుల పేగులు మాడుతున్నా చాయ తాగినోడివి గాదు, బీడీ తాగినవా?" అని మూసి ఉన్న తలుపును తిట్టింది. నలుగురూ చూస్తున్నారు. నేను ఆమెను ఆపలేదు.

మొగిలయ్య గోడ పట్టుకుని బయటికొచ్చాడు. సత్తమ్మ రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది. ఊపిరి అందాక, అతను ఆమెతో కాదు, నాతో మాట్లాడాడు.

"కోపానికి రాకున్రి సార్. పని వల్లనే రోగమొచ్చిందని గీళ్ళు రాస్తె ఏమైతది? గామె, గీతికమ్మ గా కాయిదం వట్టుకపోతది. ఆమె తప్పు గాదు, ఆమె మంచికే జేస్తది. తెల్లారి ఆఫీసరొచ్చి బాయిలర్‌కు తాళమేస్తడు. ఓనర్ గ్యాస్ వెట్టడు, అన్నంత పని జేస్తడు. నాకు పింఛనొస్తది. దయాకర్ మల్ల మీ అరుగు మీద గూసుంటడు." ఆగాడు. దూలానికి వేలాడిన చీర మా ముగ్గురికీ కనబడింది. "ఈసారి తలుపు పలగ్గొట్టెతందుకు నాకు బలం లేదు సార్."

సత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మీరే జెప్పిన్రు గద, మంట పెరిగితెనే దేశం పెరుగుతదని. డాబా మీద పోరగాండ్లకు జెప్తుంటె కిందికెల్లి ఇనేటోన్ని. నాకు మంచిగ సమజైంది."

"అది పాఠమయ్యా మొగిలయ్యా!" అన్నాను. "పరీక్షలో రాసుకోవడానికి చెప్పేది! చచ్చిపోవడానికి కాదు!"

అతను నవ్వబోయాడు, దగ్గొచ్చింది. ఆ దగ్గు ఆగేసరికి పావుగంట పట్టింది.

బోర్డు కాగితంలో జబ్బుకు కారణం బీడీలని రాశారు. పింఛను లేదు. ఆ తరువాత అతను బతికిన రెండు నెలలూ మా ఇంట్లో వంట రెండిళ్ళకు జరిగింది. ఫిర్యాదు మీద మొదటి సంతకం పెట్టిన ఛాయాదేవి రోజూ మిరియాల చారు కాచి, చెంచాతో అతనికి తాగించి వచ్చేది. వచ్చి నాకేసి చూసేది కాదు. నేనూ ఆవిడ కళ్ళలోకి చూడలేదు. దసరాకు ఇంకా పది రోజులున్నాయనగా, పొద్దున ఎనిమిదింటికి, ఫ్యాక్టరీ సైరన్ మోగాక మొగిలయ్య పోయాడు. దయాకర్ షిఫ్టులో ఉన్నాడు. నేనే ఫోన్ చేశాను.

మరునాడు గీతిక వచ్చింది. "ఇప్పటికైనా అప్పీలు చేయొచ్చు సార్. ఆయనకు ఆ అలవాటు లేదని భార్య ఒక్క మాట చెబితే చాలు, కేసు మళ్ళీ తెరుస్తారు. ఆమెకు పింఛను వస్తుంది, ఆ బొగ్గూ ఆగుతుంది" అంది. నేను ఆ మాట సత్తమ్మకు చెప్పాను. బతిమాలాను. "నీకు పుణ్యముంటుంది, నా పాపమూ కొంచెం కడిగినదానివవుతావు. చెప్పు సత్తమ్మా." ఆమె మనవరాలికి జడ వేస్తూ కూర్చుంది.

మూడో రోజు పిట్టకు పెట్టడం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా చూడటం వాళ్ళ ఆచారం. పొద్దున తొమ్మిదింటికి శ్మశానం దగ్గర అందరం చేరాం. రంగుల ఫ్యాక్టరీ నుంచి మొదటి షిఫ్టువాళ్ళు గంటసేపు అనుమతి తీసుకుని వచ్చారు. సత్తమ్మ విస్తట్లో బగారన్నం పెట్టింది, మాంసం కూర పెట్టింది, సర్వపిండి తుంచి పెట్టింది. దయాకర్ కల్లు సీసా తెచ్చి పక్కన పెట్టాడు. దుర్గాభవాని పిల్లనెత్తుకుని ఓ పక్కన నిలబడింది.

ఆఫీసు తరఫున జీవన్ వచ్చాడు. పూలదండ వేశాడు. చెడ్డవాడేం కాదు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మూడేళ్ళ కింద చేరినవాడు, ఏసీ గదిలో కూర్చునేవాడు, బాయిలర్ షెడ్డు వైపు ఎన్నడూ వచ్చి ఉండడు. చొక్కా జేబులోంచి ఒక బీడీ కట్ట తీసి రెండు చేతులతో సత్తమ్మకు అందించాడు.

"కాకకు ఇవంటే ఇష్టమని ఫైల్లో చూశానమ్మా. ఇష్టమైనవి పెట్టాలంటారు కదా, దార్లో తీసుకున్నాను."

అక్కడ నిలబడ్డ పనివాళ్ళందరికీ తెలుసు. ఇరవై ఏళ్ళు అతనితో కలిసి బొగ్గు ఎత్తినవాళ్ళున్నారు. అంతా నేలకేసి చూస్తున్నారు. దయాకర్ మెడ వంచేశాడు. సత్తమ్మ ఆ కట్టను అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. ఒక్క మాట, సత్తమ్మా. ఇంతమంది ముందు, ఆ ఆఫీసు మనిషి ముందు, నా మొగుడు వీటిని ముట్టలేదని ఒక్క మాట అను. నేనే అనేద్దునా అని నోరు తెరిచాను. ఆమె నాకేసి తలెత్తి చూసింది. నోరు మూసుకున్నాను.

ఆమె కట్ట దారం తెంచి ఒక బీడీ తీసింది. అల్లుడికేసి చెయ్యి చాపింది. దయాకర్ జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఇచ్చాడు. బీడీ ఊరికే అంటుకోదు, పీల్చాలి. సత్తమ్మ దాన్ని తన పెదవుల మధ్య పెట్టుకుని, పుల్ల గీసి, కళ్ళు మూసుకుని పీల్చింది. మొదటిసారి అంటుకోలేదు. రెండోసారి అంటుకుంది. పొగ ఎక్కడికి పోయిందో ఏమో, వంగిపోయి దగ్గింది. దగ్గి, కళ్ళు తుడుచుకుని, వెలిగిన బీడీని విస్తరి అంచున, మాంసం పక్కన పెట్టింది.

తరువాత జీవన్ కేసి తిరిగింది.

"మస్తు తాగుతుండె బిడ్డా. ఎంత మొత్తుకున్నా నా మాట ఇనకపాయె."